గంజక్క రెండో కర్మ

గంజక్కకు ఆ పేరు గంజి వల్ల వచ్చిందా, మెడ వల్ల వచ్చిందా అన్నది ఆ వీధిలో ఇప్పటికీ తెగని తగువు. హోటల్ లాండ్రీలో పదహారేళ్ళుగా దుప్పట్లకూ దిండు గలీబులకూ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మనిషి గనక ఆ పేరని కొందరంటారు. కాదు, ద్వారబంధం పొట్టిదని తెలిసీ తల వంచకుండా వెళ్ళి నుదుటి మీద బొప్పి కట్టించుకునే రకం గనక ఆ పేరని ఆవిడ మొగుడే అంటాడు. గడియారాలు బాగుచేసుకుంటూ రోజంతా తల వంచుకుని బతికే మనిషి ఆయన. మెడల సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ మెడ రెండంటే రెండుసార్లు వంగింది. ఒకసారి మోసపోయి, ఇంకోసారి పగబట్టి.

లాండ్రీ హోటల్ వెనక వైపు, వంటిల్లు దాటి మూడు మెట్లు దిగితే వస్తుంది. ఒక పక్క ఉతికే యంత్రాలు, ఇంకో పక్క ఆరబెట్టే డ్రమ్ములు, మధ్యలో పొడుగాటి ఇస్త్రీ బల్ల. ఆ ఆవిరిలో కొత్తవాళ్ళు గంట నిలబడితే కళ్ళు తిరుగుతాయి. గంజక్క పొద్దున్న ఆరింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా నిలబడేది. బల్ల వెనకాల దుప్పట్ల గది. దాని తాళం ఆవిడ నడుముకు వేలాడేది. కొత్త కంబళి ఏది లోపలికి వచ్చినా, మూల మడిచి ఎర్రదారంతో రెండు కుట్లు వేసేది. ఎవరూ వెయ్యమనలేదు. "మన వస్తువు మనల్ని గుర్తుపట్టాలి," అనేది. మూడు కొట్టగానే తాళం తీసుకెళ్ళి గుమాస్తా బల్ల మీద పెట్టి, చెయ్యి కడుక్కుని ఇంటికి పోయేది. పదహారేళ్ళలో ఒక్కరోజు కూడా అది తప్పలేదు.

గుమాస్తాను వెనకాల అందరూ 'కామా' అంటారు. తల పెద్దది, నడుం ముందుకు వంగి ఉంటుంది, మూడు మాటలాడి ఒకసారి ఆగుతాడు. మేనేజరుకు తెలుగు రాదు. పనివాళ్ళకు ఇంగ్లీషు రాదు. గుమాస్తాకు రెండూ వచ్చు. అందువల్ల ఆ హోటల్లో ఎవరు ఎవరితో ఏం చెప్పుకోవాలన్నా కామా దగ్గర ఒకసారి ఆగాల్సిందే. ఆ గర్వంతోనే లాండ్రీ గోడకు అద్దాల చట్రంలో ఒక నోటీసు బిగించాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు తనకు కారణం చెప్పాలట. 'లేట్ కమర్స్ మస్ట్ ఎక్స్‌ప్లెయిన్ మీ ద రీజన్.' గంజక్క అయిదో తరగతి చదివింది, అక్షరాలు కూడబలుక్కోగలదు. ఏళ్ళ తరబడి ఆ నోటీసు కిందే నిలబడి ఇస్త్రీ చేసింది.

ఒకరోజు పెద్ద బృందం దిగబోతోందంటే సాయంత్రం దాకా ఉండిపోయింది. తాళం మాత్రం మామూలుగానే మూడింటికి గుమాస్తాకిచ్చి వచ్చి, ఆరింటి దాకా బల్ల దగ్గరే పని చేసింది. తెల్లారి వచ్చి చూస్తే దుప్పట్ల గది తలుపు తాళం వేసినట్టే ఉంది, లోపల మాత్రం ఇరవై రెండు కొత్త కంబళ్ళు లేవు.

"ఏం ఫరవాలేదు అక్కా," అన్నాడు కామా. "నీ మాట, నువ్వు చెప్పు. నేను, ఇంగ్లీషులో పెడతా."

"ఏముంది చెప్పడానికి? మూడింటికి తాళం నీకిచ్చాను. నీ ముందే కొత్త కంబళ్ళు చూపించి లెక్క ఒప్పజెప్పాను. అంతే."

అతను చకచకా రాశాడు. వేలు పెట్టి చదివాడు. "ఇదుగో. మూడింటికి నేను తాళం ఇచ్చాను. కొత్త కంబళ్ళు, చూపించాను. సరేనా?"

గంజక్క ఊరికే సంతకం పెట్టే మనిషి కాదు. తనూ వంగి కూడబలుక్కుంది. 'ఐ' ఉంది. నేను. తర్వాత ఏదో చిన్న ముక్క. తర్వాత 'గివెన్'. ఇవ్వడం. చివర 'కీ'. తాళం. నేను, ఇవ్వడం, తాళం. సరిపోయింది. సంతకం పెట్టింది. మెడ వంగిన మొదటిసారి అదే.

మర్నాడే మేనేజరు పిలిచి ఆ కాగితం ముందుకు తోసి, సంతకం మీద వేలు పెట్టి టకటకమని కొట్టాడు. పక్కన ఇంకో కాగితం. పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక విదేశీ అతిథి టైపు చేసి గది తలుపు కింద వదిలివెళ్ళిన ఫిర్యాదట. ఇస్త్రీ ఆవిడ అయిదింటికి మూట మోసుకెళ్తుంటే చూశాడట.

"ఏమంటున్నాడు?" అంది గంజక్క.

"నువ్వే ఒప్పుకున్నావు, అంటున్నాడు," అన్నాడు కామా, నేల చూపులు చూస్తూ. "పోలీసుల దాకా, పోకుండా, నేనే ఆపానక్కా. వెళ్ళిపో."

రెండు కాగితాల నకళ్ళూ, ఉద్యోగం తీసేసిన ఉత్తర్వూ చేతిలో పెట్టి పంపించారు.

వీధిలో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువైంది. ఎదురింటావిడ ఆరేసిన చీరలు చీకటి పడకముందే లోపలికి తీసుకోవడం మొదలుపెట్టింది. కిరాణా కొట్టువాడు ఆవిడ సంచీ వంక ఒక చూపు ఎక్కువ చూశాడు. పక్కవాటా పిల్ల, "అమ్మమ్మా, నువ్వు కంబళ్ళు ఎలా మోశావ్, బరువు కదా?" అని ముద్దుగా అడిగింది.

"పోనీలేవే," అన్నాడు మొగుడు, కంటికి బిగించిన భూతద్దం తియ్యకుండానే. "ఇంట్లోనే ఇస్త్రీ పెట్టుకో. ఎవడి పాపాన వాడే పోతాడు."

"వాడి పాపాన వాడు పోయేదాకా నన్ను కూచోమంటారా? తోసేవాళ్ళు ఉండాలి."

తొయ్యాలంటే ముందు ఆ కాగితంలో ఏముందో తెలియాలి. 'నువ్వే ఒప్పుకున్నావు' అన్న మాట ఆవిడకు అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది. తను ఏం ఒప్పుకుంది? తాళం ఇచ్చానంది. ఇచ్చినవాళ్ళు దొంగలెలా అవుతారు? ఇంగ్లీషు తెలిసి, బయటికి పొక్కనివ్వని మనిషి కావాలి. అలాంటి మనిషి తెలిసినవాళ్ళలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ వియ్యపురాలు.

వియ్యపురాలిని అందరూ టీచరమ్మ అంటారు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటోంది. ఇద్దరికీ అయిదేళ్ళుగా ముళ్ళ కంచె. సంబంధం మాట్లాడుకోవడానికి టీచరమ్మ మొదటిసారి వచ్చిన రోజున గంజక్క, మనకూ నాలుగు ముక్కలు వచ్చని చూపించాలని, వంటింట్లోకి వినబడేలా కూతురితో "గివ్ టీ ఆంటీ!" అంది. టీచరమ్మ కిసుక్కున నవ్వి, పదిమందిలో, "అయ్యో, నన్ను తీసుకెళ్ళి టీకి ఇచ్చేస్తారా వదినగారూ? పోనీ టీని నాకిప్పించండి!" అంది. నవ్వనివాళ్ళు లేరు. ఆ టీ గంజక్క గొంతులో ఇప్పటికీ దిగలేదు.

పదకొండు రోజులు పళ్ళు కొరుక్కుంది. పన్నెండో రోజు పొద్దున్నే వెళ్ళి వియ్యపురాలి గుమ్మం ముందు నిలబడింది. ఆ గుమ్మమూ పొట్టిదే. తల వంచి లోపలికి వెళ్ళింది.

"వదినగారూ! ఇన్నాళ్ళకా?" అంది టీచరమ్మ. "మీ అమ్మాయి బజారుకి వెళ్ళింది."

"నేను మా అమ్మాయి కోసం రాలేదు. మీ కోసం వచ్చాను. ముందే చెప్తున్నా, నవ్వితే వెళ్ళిపోతాను."

టీచరమ్మ ముందు సంతకం ఉన్న కాగితం చదివింది. నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. తర్వాత వంటింట్లోంచి మూడు పీటలు తెచ్చి వరసగా వేసి, ముందుదాని మీద గ్లాసు, రెండోదాని మీద గరిటె, మూడోదాని మీద తాళంచెవి పెట్టింది.

"ఇవ్వడమంటే ముగ్గురుండాలి వదినగారూ. ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు, ఇచ్చే వస్తువు. మన మాటలో పుచ్చుకునేవాడికి 'కి' అని ఒక పిలక ఉంటుంది. గుమాస్తాకి. 'తాళం గుమాస్తాకి నేనిచ్చాను' అనండి, 'గుమాస్తాకి నేను తాళమిచ్చాను' అనండి, వాడు ఏ పీట మీద కూర్చున్నా పిలక చూసి గుర్తుపడతాం. ఇంగ్లీషులో పిలక లేదు. పీటే గుర్తు. 'ఐ గేవ్ హిమ్ ద కీ.' ఇచ్చినవాళ్ళది ముందు పీట. గేవ్ తర్వాత మొదటి పీట పుచ్చుకున్నవాడిది. ఆఖరి పీట వస్తువుది. తారుమారు చేస్తే మనిషి వస్తువైపోతాడు, వస్తువు మనిషై కూచుంటుంది."

"అందుకేనా నేను మిమ్మల్ని టీకి ఇచ్చేసింది?"

"అందుకే."

"ఆ రోజు ఈ మాట చాటుగా చెప్పొచ్చుగా."

"చెప్పొచ్చు," అంది టీచరమ్మ. "నాకూ నోరు ఆగదు. తప్పే." గరిటెనూ తాళంచెవినీ వేలితో చూపించింది. "ఈ వెనక రెండు పీటల మీద కూర్చున్నవాటిని కర్మలంటారు. గివ్ అన్న క్రియకి రెండు కర్మలు."

"ఒక్క కర్మ మొయ్యలేకే చస్తుంటే రెండా?"

"వినండి, అసలు సంగతి ఇప్పుడు. మీ కాగితంలో 'ఐ గేవ్' లేదు. 'ఐ వాజ్ గివెన్ ద కీ' అని ఉంది. ఈ వాజ్ గివెన్ వచ్చిందంటే ఇచ్చినవాడు లేచి బయటికి పోయాడన్నమాట." టీచరమ్మ ముందు పీట మీద పెట్టిన గ్లాసు తీసేసి, పక్క పీట మీది గరిటె తెచ్చి అక్కడ పెట్టింది. "వాడి పీట మీదికి పుచ్చుకున్నవాళ్ళు జరిగొచ్చి కూర్చుంటారు. ముందు 'నేను' ఉంది గదా, ఇచ్చింది నేనే అనుకున్నారు మీరు. కాదు. 'మూడింటికి నాకు తాళం ఇచ్చారు. నాకు కొత్త కంబళ్ళు చూపించారు.' మీరు సంతకం పెట్టింది దీనికి."

గంజక్క ఆ గరిటెకేసి చాలాసేపు చూసింది. సాయంత్రమంతా తాళం తన దగ్గరే ఉందని తన చేత్తో తనే రాసిచ్చింది.

"మరి లేచిపోయినవాడి పేరు?"

"చెప్పక్కర్లేదు. ఆ వాక్యంలో ఉన్న సుఖమే అది."

"సుఖమా," అంది గంజక్క. లేచి, ఆ గ్లాసు తీసి మళ్ళీ ముందు పీట మీద టక్కున పెట్టింది. "లేచిపోయినవాణ్ణి పట్టుకొచ్చి ఈ పీట మీద కూచోబెడతాను. అందరూ చూస్తుండగా. అప్పటిదాకా నాకు నిద్ర లేదు, మీకూ లేదు."

నిజంగానే టీచరమ్మకు లేకుండా చేసింది. మొదటి రోజే రెండో కాగితం విప్పించింది. అది చదువుతుంటే టీచరమ్మ భుజాలు కదలడం మొదలెట్టాయి.

"నవ్వొద్దన్నానుగా!"

"మిమ్మల్ని కాదు తల్లీ, ఈ విదేశీ దొరని! 'షి డిడ్ నాట్ ఎక్స్‌ప్లెయిన్ మీ ఎనీథింగ్. షి సజెస్టెడ్ మీ టు గో.' ఈయన పుట్టింది మన పక్కవీధిలోనే. 'నాకు వివరించలేదు' అని మనసులో అనుకుని ఇంగ్లీషు చొక్కా తొడిగాడు. చూడండి, గివ్, సెండ్, షో, టెల్, టీచ్, ఇవన్నీ కలుపుగోలు క్రియలు, మనిషిని పక్కనే కూచోబెట్టుకుంటాయి. టెల్ మీ అంటే సరే. ఈ ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, సే మాత్రం మడి కట్టుకున్న అత్తగార్లు. 'టు' అని మధ్యలో ఒక పీట అడ్డం వేస్తే గాని మనిషిని దగ్గరికి రానివ్వవు. ఎక్స్‌ప్లెయిన్ టు మీ అనాలి. ఇంగ్లీషు పుట్టింటి భాష అయినవాడు నిద్రలో కూడా ఎక్స్‌ప్లెయిన్ మీ అనడు."

గంజక్క చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ మీది అద్దాల చట్రం కళ్ళముందు కదిలింది. మస్ట్, ఎక్స్‌ప్లెయిన్, మీ. ఇన్నేళ్ళూ ఆ దొంగ వేలిముద్ర కింద నిలబడి దుప్పట్లు మడతపెట్టింది!

"అయితే ఇంకేం, ఇవ్వాళే రాసేద్దాం మేనేజరుకి," అంది టీచరమ్మ.

"వద్దు. ఒక్కసారి జరిగితే పొరపాటంటాడు, చెయ్యి జారిందంటాడు. వాడు మళ్ళీ చెయ్యాలి. నా ముందు, వాడి పైవాళ్ళ ముందు, వాడి చేత్తో."

"ఉద్యోగం వస్తే చాలదా వదినగారూ?"

"చాలదు."

మూడు నెలలు పట్టింది. గంజక్క ఇంటి అరుగు మీద ఇస్త్రీ బల్ల పెట్టుకుంది. ఎదురింటావిడ చీరలు తప్ప వీధిలో బట్టలన్నీ మెల్లగా అక్కడికే వచ్చాయి. పెట్టె ఇటు తోస్తే 'ఐ గేవ్ హిమ్ ద కీ'. అటు తోస్తే 'ఐ వాజ్ గివెన్ ద కీ'. కాలరు దగ్గర 'హి షోడ్ మీ'. చేతుల దగ్గర 'హి టోల్డ్ మీ'. చొక్కా తెచ్చినవాడెవడో, "ఎవర్ని తిడుతున్నావక్కా?" అని అడిగితే, "ఇంకా తిట్టట్లేదు నాయనా, పెట్టె కాలుస్తున్నాను," అంది.

ఒకరోజు టీచరమ్మ, "ఫర్‌గివ్‌కి కూడా రెండు కర్మలుంటాయండోయ్. క్షమించడం. ఎవర్ని క్షమిస్తున్నామో ఒకటి, ఏ తప్పుని క్షమిస్తున్నామో రెండోది," అంది.

"ఆ పాఠం నాకక్కర్లేదు. పేజీ తిప్పండి."

పెద్దాఫీసు నుంచి తనిఖీ అధికారి మూడు నెలలకోసారి వస్తాడు. ఆయనకు అర్జీ టీచరమ్మ రాసింది గాని, ఆఖరి వాక్యం గంజక్క తన చేత్తో రాసింది. 'ప్లీజ్ గివ్ మీ ఎ హియరింగ్.' రాశాక 'మీ'నీ, 'హియరింగ్'నీ వేలితో తడిమి చూసుకుంది. ఎవరి పీట మీద వాళ్ళున్నారు.

పిలుపు వచ్చింది. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, వెనక గుమ్మం నుంచే వెళ్ళింది. లాండ్రీలో ఎవరూ పలకరించే లోపే గోడ మీది నోటీసు చట్రంతో సహా ఊడదీసి సంచీలో వేసుకుంది. మేడ మీది గదిలో పొడుగాటి బల్ల. ఒక పక్క మేనేజరు, పక్కన తనిఖీ అధికారి, నెరిసిన జుట్టు, చేతిలో పెన్సిలు. ఆయనకూ తెలుగు రాదు. అందుకని మాట అటూ ఇటూ చేరవెయ్యడానికి ఎవర్ని పెట్టారు? కామానే.

"నమస్తే అక్కా, బావున్నావా?" అన్నాడు.

"నీ దయ, గుమాస్తాగారూ."

అధికారి ఏదో అన్నాడు. కామా ఇటు తిరిగి, "నీ మాట, మళ్ళీ చెప్పు. రాసుకుంటా. కంగారు పడకు," అన్నాడు. ఆవిడకు ఆ రెండు ముక్కల ఇంగ్లీషూ అర్థమైంది. అర్థమైనట్టు కనుబొమ కూడా కదపలేదు.

గంజక్క ఇంటి దగ్గరే వండి తెచ్చుకున్న వాక్యాలు నెమ్మదిగా, చంటిపిల్లకు ముద్దలు పెట్టినట్టు పెట్టింది. "మూడింటికి గుమాస్తాగారికి నేను తాళం ఇచ్చాను. తర్వాత ఆయన ఒక కాగితం తెచ్చారు. అందులో ఏముందో నాకు ఏమీ వివరించలేదు. సంతకం పెట్టమని నాకు సూచించారు."

కామా కలం ఒక్క క్షణం ఆగింది. పాత కాగితంలో ఒకటి, కొత్త కాగితంలో ఇంకొకటి ఉంటే కొంప మునుగుతుంది. ఈవిడకు ఆ ఇంగ్లీషు అర్థంకాదు, వాళ్ళకు ఈ తెలుగు అర్థంకాదు. కలం కదిలింది. రాయడమయ్యాక వేలు పెట్టి, తేనెలాంటి గొంతుతో తెలుగులో చదివాడు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే. "సరేనా? ఇక్కడ, సంతకం."

"ఇటివ్వు."

కాగితం తీసుకుని సంతకం పెట్టలేదు. లేచి నిలబడింది. మెడ నిటారుగా పెట్టి, ఒక్కొక్క మాటా పెట్టెతో ఒత్తినట్టు చదివింది. "ఎట్ త్రీ ఓక్లాక్, ఐ, వాజ్, గివెన్, ద కీ. ద క్లర్క్ ఎక్స్‌ప్లెయిన్డ్ మీ ఎవ్రీథింగ్. హి సజెస్టెడ్ మీ టు సైన్."

కామా ఆ కాగితం కోసం చెయ్యి చాచాడు.

గంజక్క అధికారి వైపు తిరిగింది. "సర్. ఐ గేవ్ హిమ్ ద కీ. హి రోట్, ఐ వాజ్ గివెన్ ద కీ. టూ టైమ్స్. హి టోల్డ్ మీ, 'ఐ గేవ్'. ప్లీజ్ ఆస్క్ హిమ్ వన్ క్వశ్చన్." మూడు నెలలుగా ఇస్త్రీ చేసిన వాక్యం అది, నలగనివ్వలేదు. "హూ గేవ్ హూమ్ ద కీ?"

అధికారి పెన్సిలు కింద పెట్టి అదే ప్రశ్న అతన్ని అడిగాడు.

గంజక్క సంచీలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచింది. పాత వాంగ్మూలం. విదేశీ అతిథి ఫిర్యాదు. గోడ మీది నోటీసు. పక్కన ఇప్పుడే రాసిన తడి ఆరని కాగితం. ఫిర్యాదులో 'ఎక్స్‌ప్లెయిన్ మీ' కింద నీలిమందుతో గీత గీసి ఉంది. నోటీసులోనూ కొత్త కాగితంలోనూ వేలితో గీత గీసి చూపించింది. అధికారి ఒకదాని నుంచి ఒకదానికి చూపు జరుపుతూ పోయాడు. ఫిర్యాదు దగ్గర ఆగాడు. నోటీసు దగ్గర ఆగాడు. మేనేజరు కుర్చీలో ముందుకు జరిగాడు.

"సర్, సర్," అన్నాడు కామా, "ఐ కెన్ ఎక్స్‌ప్లెయిన్ యూ..."

అధికారి తల ఎత్తి చూశాడు. "టు," అన్నాడు, అంతే.

ఆ తర్వాత పెద్దగా చెప్పేందుకు ఏమీ లేదు. కంబళ్ళ కోసం వెతుక్కుంటూ పోతే, ఊరి చివర కామా బావమరిది నడిపే లాడ్జిలో ఇరవై రెండు మంచాల మీద దొరికాయి. అవి తమవేనని బావమరిది గుండెలు బాదుకున్నాడు. గంజక్క ఏమీ మాట్లాడకుండా ఒక్కొక్క కంబళి మూలా మడిచి చూపించింది. ఎర్రదారం, రెండేసి కుట్లు. మేనేజరు లాండ్రీలోకి స్వయంగా దిగి వచ్చి, అందరి ముందూ తాళం ఆవిడ చేతికిచ్చాడు. "నౌ ఐ యామ్ గివెన్ ద కీ," అంది గంజక్క. ఈసారి ఆ వాక్యం నిజం. ఎదురింటావిడ ఆ సాయంత్రం మూడు చీరలు పట్టుకొచ్చి, "నీ చెయ్యి పడితే గాని చీర చీరలా ఉండదక్కా," అంది. "అక్కడ పెట్టు. వరస ప్రకారం వస్తుంది," అంది గంజక్క. ఆ వరస పదిహేను రోజులకు వచ్చింది.

కామా ఒక్కడి సంగతే మిగిలింది. అధికారి ఒక దారి వదిలాడు. నష్టపోయింది ఆవిడ గనక, ఆవిడ క్షమించానని రాసిస్తే పోలీసుల దాకా వెళ్ళకుండా వేరే ఊరికి పంపిస్తారట. లేదంటే కాగితాలన్నీ ఠాణాకు పోతాయి.

మర్నాడు మూడింటికి, సరిగ్గా తాళం ఒప్పజెప్పే వేళకు, కామా ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డాడు. చేతిలో కాగితం. ఆవిడ తరఫున తనే రాసుకొచ్చాడు. అలవాటు.

"అక్కా, తప్పైపోయింది. క్షమించు. పిల్లలున్నవాణ్ణి."

"నాకు లేరా?"

"ఫర్‌గివ్ మీ, అక్కా," అన్నాడు, ఆవిడకు ఇంగ్లీషు వచ్చని ఇప్పుడు గుర్తొచ్చినట్టు.

గంజక్క పెట్టె నిలబెట్టింది. ఇష్టం లేకుండా విన్న పాఠమే చేతికందింది. "ఫర్‌గివ్‌కి రెండు కర్మలుంటాయి గుమాస్తాగారూ. 'మీ' చెప్పావు. రెండోది?"

"అదే... తప్పు."

"ఏ తప్పు? దానికో పేరుంటుందిగా."

"కంబళ్ళు."

"కంబళ్ళు హోటలువి. వాటి సంగతి హోటలు చూసుకుంటుంది. నా దగ్గర నువ్వు తీసుకున్నదేంటి? అది చెప్పు."

కామా ఆగాడు. లాండ్రీ అంతా యంత్రాల దగ్గర చేతులు ఆపి చూస్తోంది. చెబితే అయిపోయేది. నీ చేత్తోనే నిన్ను దొంగని రాయించానక్కా అంటే చాలు. ఆవిడ ఏం చేసేదో ఆవిడకే తెలియదు. పెట్టె చల్లారే దాకా చూసింది. అతను పెదవులు తడుపుకుని, "ఏదో, చిన్న, భాషలో పొరపాటు," అన్నాడు.

"కాగితం ఇటివ్వు."

అతను ఆశగా ఇచ్చాడు. 'ఐ ఫర్‌గివ్ హిమ్' అని ఉంది, ఆ తర్వాత చుక్క. ఆవిడ కలం తీసుకుని ఆ చుక్క కొట్టేసి, పక్కన పొడుగ్గా ఒక ఖాళీ గీత గీసింది. పెట్టె మళ్ళీ వేడెక్కేదాకా ఆగింది. కాగితాన్ని బల్ల మీద పరిచి, తడి చెయ్యి చిలకరించి, మడతలన్నీ పోయేలా ఒకసారి ఇటు, ఒకసారి అటు ఇస్త్రీ చేసింది. కరకరలాడుతున్న ఆ కాగితాన్ని, సంతకం లేకుండానే, అతని చేతిలో పెట్టింది.

"ఆ పీట ఖాళీగా ఉంది. నింపినప్పుడు రా. నేనిక్కడే ఉంటాను, ఆరింటి నుంచి మూడింటి దాకా."

అతను నింపలేదు. కాగితాలు ఠాణాకు పోయాయి.

ఆ వారం తన ఇంట్లో టీ తాగుతూ ఈ సంగతంతా విన్న టీచరమ్మ కప్పు కింద పెట్టింది. "గ్రామరు ప్రకారమైతే వదినగారూ, ఫర్‌గివ్‌కి ఒక్క కర్మ ఉన్నా వాక్యం పూర్తయినట్టే. రెండోది తప్పనిసరేం కాదు," అంది మెల్లగా.

"తెలుసు. ఆ పేజీ మీరు చెప్పకపోయినా నేను చదివాను," అంది గంజక్క, కప్పు ముందుకు జరుపుతూ. "గివ్ మీ టీ."